మడతల బల్ల పెద్దమ్మ

మార్చి 9

పూజ్యులైన పిన్నిగారికి,

మీ అక్క కూతురు, లాండ్రీ మేనేజరు రాసుకునే విన్నపం.

మొన్న మా లాండ్రీలో పెద్దవయసు స్త్రీలను గౌరవించుకునే సభ జరిగింది. మీరు రాలేకపోయినా మీ ఫోటోను పెద్దది చేయించి భోజనాల గదిలో పెట్టాం. ఒకప్పుడు ఇక్కడ మడతల బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చునేదని, ఎవరు ఎవరితో జతగా పనిచేయాలో, ఎవరి తగువు ఎలా తీరాలో ఆవిడే చెప్పేదని, మేనేజర్లు కూడా ఆ మాట దాటేవారు కాదని నేను సభలో చెప్పాను. ఆ స్థానంలో అందరికంటే ఎక్కువ కాలం కూర్చున్నది మీరేనని చెప్పగానే చప్పట్లు మారుమోగాయి. యజమాని చాలా సంతోషించారు. పెద్దల అనుభవాన్ని మనం పోగొట్టుకుంటున్నామని, ఆ స్థానాన్ని మళ్ళీ నిలబెడదామని అన్నారు.

అంచేత ఇకమీదట మీరే మా బల్ల పెద్దమ్మ. దూరంలో ఉన్నారు కనక ఉత్తరాలు రాస్తే చాలు. అప్పుడప్పుడు నాలుగు మంచి మాటలు రాసి పంపండి, అద్దం కట్టించి గోడకు పెడతాం.

భవదీయురాలు,
మేనేజరు, మీ అమ్మడు

మార్చి 17

అమ్మడూ,

నీ ఉత్తరం చదవగానే కవరు తిప్పి చిరునామా చూసుకున్నాను, ఎవరికో రావలసింది నాకు వచ్చిందేమోనని. నా ఒళ్ళో పెరిగిన పిల్లవి. బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను నువ్వనే పిలిచావు. ఈ మీరులూ గారులూ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? మొత్తానికి బతికుండగానే నన్ను గోడకెక్కించారన్నమాట.

నేను బాగానే ఉన్నాను. లాండ్రీ మోతలో పోయిన చెవులు మరి తిరిగి రాలేదు, కాబట్టి ఫోను చేసి ప్రయోజనం లేదు. ఈ తాళాల కొట్టు పైన రెండు గదుల్లో నేనూ, నా స్నేహితురాలు రేడియో కాలక్షేపం చేస్తున్నాం. రేడియో అని పేరు పెట్టింది నేనే. ఆవిడ నోరు మూతపడదు, నాకేమో వినపడదు, అందుకే మా కాపురం సజావుగా సాగుతోంది.

ఇక నువ్వు అడిగిన సంగతి. మంచి మాటలు నా దగ్గర లేవు. బల్ల పెద్ద చేసే పని అది కాదని నీకు తెలియాలి, ఆ బల్ల కిందే ఆడుకున్నావు కదా. ఎదుట ఉన్న తగువును వినాలి, తేల్చాలి, తేల్చాక దాని మంచీ చెడూ నెత్తిన వేసుకోవాలి. అంతే ఆ పని. రోలరు మిషను వచ్చి మడతల బల్ల మూలపడ్డాక నన్నెవరూ ఏమీ అడగలేదు. మందులు వేసుకున్నావా అని తప్ప. అందుకని ఉన్న మాట చెబుతున్నాను, నీ ఉత్తరం చదివి సంబరపడ్డాను. పదవి ఇస్తున్నావు కదా, పని కూడా ఇవ్వు. అక్కడ ఏమైనా తగువు ఉంటే దాచకుండా రాయి.

నీ పిన్ని

మార్చి 26

పిన్నీ,

సరే, నువ్వే గెలిచావు. మేనేజరు టోపీ తీసి పక్కన పెట్టాను.

తగువులకేం లోటు? ఇప్పుడు నడుస్తున్నది గడియారానికీ నిదానానికీ మధ్య. గడియారం నీకు తెలుసు, నీ కాలంలో దుప్పట్లు ఉతికే దగ్గర ఉండేది, నిమిషం ఆలస్యమైతే ఊరుకోని మనిషి. నిదానమని మేం పిలిచే ఆమె నువ్వు మానేశాక చేరింది. పనిలో ఆలస్యం తప్ప ఒక మాట పడే రకం కాదు. ఇద్దరూ రోలరు దగ్గరే. గడియారం ముందు నిలబడి తడి దుప్పట్లు లోపలికి అందిస్తుంది, కాగిన రోలరు కిందుగా ఇస్త్రీ అయి అవి వెనక్కి వస్తే నిదానం అందుకుంటుంది. ముందున్న మనిషి ‘ఇదిగో’ అనాలి, వెనకున్న మనిషి ‘రానీ’ అన్నాకే దుప్పటి వదలాలి. అది మీ కాలం నాటి పద్ధతే.

నెల కిందట భోజనాల గదిలో అందరి ముందూ గడియారం నోరు జారింది, నీ మూలంగానే రోజూ మా తిండి ఆలస్యమవుతోంది అంది. నిదానం ఆ పూట తినకుండా లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇదిగోలు, రానీలు కూడా బందు. గడియారం తన పాటికి తను వదులుతోంది, నిదానం తన పాటికి తను లాక్కుంటోంది.

నువ్వేమీ బుర్ర బద్దలు కొట్టుకోకు. కలిసిమెలిసి ఉండటం గురించి నాలుగు ముక్కలు రాసినా చాలు.

అమ్మడు

ఏప్రిల్ 3

అమ్మడూ,

కలిసిమెలిసి ఉండమని చెబితే ఉండే వాళ్ళయితే ఈపాటికి ఉండేవాళ్ళే. ఇది ఆలోచించి రాస్తున్నాను, రేడియోని పక్క గదిలోకి పంపి మరీ.

ఇద్దరినీ విడదీయకు. విడదీస్తే ఆ తగువు రెండు చోట్లకు పాకుతుంది. చోట్లు మార్చు. నిదానాన్ని ముందుకు తెచ్చి దుప్పటి అందించమను. గడియారాన్ని వెనక్కి పంపి అందుకోమను. ఇప్పుడు వేగం తొందర మనిషి చేతిలో ఉంది, అందుకే వెనకున్నామె మాట పడుతోంది. నిదానంగా ఉన్న మనిషి ముందు నడిస్తే ఎవరూ వెనకపడరు. గడియారం నాలుగు రోజులు గొణుగుతుంది, గొణగనీ. ‘రానీ’ అనడం ఇక తన వంతు కాబట్టి నోరు విప్పక తప్పదు.

ఇది నేను చెప్పానని ఇద్దరికీ చెప్పు. గడియారానికి కోపం వస్తే నా మీదే రావాలి, నీ మీద కాదు. అందుకే కదా బల్ల పెద్ద ఉండేది.

పిన్ని

ఏప్రిల్ 12

పిన్నీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చేశాం. ఇప్పుడు ఇద్దరూ సర్దుకున్నారు, నువ్వు బెంగపడకు. అందరూ నీ మాటే చెప్పుకుంటున్నారు. ‘నిదానంగా ఉన్న మనిషి ముందు నడిస్తే ఎవరూ వెనకపడరు’ అన్న వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి నీ ఫోటో కింద పెట్టాం. యజమాని దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగారు.

పని ఒత్తిడిలో ఉన్నాను, ఇంతకంటే రాయలేకపోతున్నాను. మందులు మానకు.

అమ్మడు

ఏప్రిల్ 21

అమ్మడూ,

రేడియోకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ దాన్ని కింద తాళాల కొట్టు అతనికి చెప్పింది, అతను వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పాడు. నాకు సిగ్గేసింది గానీ ఆపలేదు. ఎన్నాళ్ళకో అద్దం ముందు నిలబడి కుదురుగా తల దువ్వుకున్నాను. రేడియో చూసి నవ్వింది, పెళ్ళిచూపులకా అని.

వాక్యం గోడకెక్కితే ఎక్కింది, నాకు కావలసింది అది కాదు. చోటు మారాక నిదానానికి ఎలా ఉంది? గడియారం ఏమంటోంది? వాళ్ళ చేత రెండేసి ముక్కలు రాయించి పంపు. తీర్పు చెప్పి వదిలేయడం నాకు అలవాటు లేదు, తర్వాత ఎలా నడుస్తోందో కూడా చూడాలి.

పిన్ని

మే 8

పిన్నీ,

ఈ సంగతి ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళూ జవాబివ్వలేదు. వేరే ఎవరి ద్వారానో తెలిసే కంటే నేను చెప్పడమే మంచిది. రోలరు దగ్గర నిదానం చెయ్యి కాలింది. కుడిచెయ్యి, వేళ్ళ నుంచి మణికట్టు దాకా. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. వేళ్ళు కదులుతున్నాయి కానీ మునుపటిలా పట్టు దొరకడం కష్టమంటున్నారు.

అమ్మడు

మే 15

అమ్మడూ,

నేనే చేశాను ఆ పని.

నీ ఉత్తరంలో నా ఊసే లేదు. నన్ను నొప్పించకూడదనే తప్పించావని తెలుస్తూనే ఉంది. కానీ నిదానంగా కదిలే చేతిని తెచ్చి కాగే రోలరు మూతి దగ్గర పెట్టమన్నది ఎవరు? నేను. తడి దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుని ఉంటుంది, విడిపించుకునే లోపే లోపలికి లాగి ఉంటుంది. కళ్ళు మూసినా తెరిచినా అదే కనిపిస్తోంది. తాళాల కొట్టు అతను మెట్ల దగ్గర పలకరిస్తే ముఖం చూపించలేక వెనక్కి వచ్చేశాను. నా గొప్ప అతని దగ్గర కూడా చెప్పించుకున్నాను కదా.

ఇంత వయసొచ్చి ఒక ఆడదాని కూడు తినే చెయ్యి కాల్చాను. ఈ సిగ్గుతో ఎలా బతకాలో తెలియడం లేదు. అయినా తప్పించుకోను. నిదానానికి లాండ్రీ చిరునామాకే ఉత్తరం రాశాను, ఆ చోటు చెప్పింది నేనేనని, నన్ను నలుగురిలో నిలదీయమని. నువ్వు అడ్డం రాకు.

పిన్ని

మే 24

పిన్నీ,

నువ్వేమీ చేయలేదు. నిదానం ముందు లేదు. ఎప్పుడూ లేదు. నేను చోట్లు మార్చలేదు.

ఇది రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. నువ్వు నిదానానికి రాసిన ఉత్తరం వచ్చిన రోజు ఆమె చేతికి కట్టుతో లాండ్రీకి వచ్చింది. ఒంటిచేత్తో కవరు చించలేక గడియారానికి ఇచ్చింది. చెయ్యి కాలిన నాటి నుంచి గడియారం ఆమెను వదలడం లేదు, అన్నం కూడా కలిపి పెడుతోంది. భోజనాల గదిలో గడియారం ఆ ఉత్తరం అందరికీ వినపడేలా చదివింది. ‘నిన్ను రోలరు ముందుకు మార్చమని తీర్పు చెప్పింది నేనే, నన్ను ఏమన్నా పడతాను’ అన్న చోట అందరూ తినడం ఆపేశారు. నిదానం నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

“నన్ను ముందుకు ఎప్పుడు మార్చారమ్మా? నేను వెనకే ఉన్నాను కదా.”

నేను నీ వాక్యం రాసిన పటం కిందే నిలబడి ఉన్నాను పిన్నీ. అందరూ నన్నూ చూస్తున్నారు, పటాన్నీ చూస్తున్నారు. అప్పుడు గడియారం అంది.

“పెద్దావిడ నిజంగానే తీర్పు చెప్పిందా? మరి మాకెందుకు చెప్పలేదు?”

నీ ఏప్రిల్ ఉత్తరం సొరుగులో పెట్టేశానని వాళ్ళకు చెప్పాల్సి వచ్చింది. గడియారాన్ని రోలరు వెనక్కి పంపితే పని మానేస్తుందని భయపడ్డాను. ఇద్దరూ సర్దుకున్నారన్నది కూడా అబద్ధమే. వాళ్ళు మాట్లాడుకోకుండానే రోలరు నడిచింది. చెయ్యి కాలిన రోజు దుప్పటి వెనక ఎక్కడో ఇరుక్కుంటే నిదానం చెయ్యి పెట్టి లాగింది, అది తెలియక గడియారం ఇంకోటి వదిలింది.

నువ్వు నొచ్చుకుంటావని అబద్ధం రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. నీ ఉత్తరాన్ని నేను తీర్పుగా చదవనేలేదు. ముసలావిడ ముచ్చటగా చదివాను. సభలో నీ గురించి అంతలేసి మాటలు చెప్పింది ఈ నోరే. నిన్ను క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు.

అమ్మడు

జూన్ 2

అమ్మడికి,

నా తప్పు లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఒక్క క్షణమే. తర్వాత మొదలైంది అసలు బాధ.

ఒక మనిషి చెయ్యి కాల్చానని కుమిలిపోతున్నప్పుడు కూడా, నా మాట నడిచిందన్న నమ్మకం ఒకటి లోపల ఉండేది. నడిచింది కనకే ఏడ్చాను. ఇప్పుడు అదీ లేదు. చంటిపిల్ల గీసిన బొమ్మను బాగుంది బాగుందని గోడకు అంటించినట్టు అంటించావు నా మాటని. దాని కింద ఇద్దరు ఆడవాళ్ళు రోజూ మూగగా పనిచేశారు.

నీ అబద్ధానికి నాకు కోపం లేదు. దాన్ని నమ్మి అద్దం ముందు తల దువ్వుకున్నానే, అది తలచుకుంటే చచ్చేంత సిగ్గుగా ఉంది. ఈ వయసులో ఇంకా ఎవరైనా నా మాట వింటారని ఆశపడ్డానే, అందుకు సిగ్గుగా ఉంది. తాళాల కొట్టు అతను ఆ తీర్పు ఏమైందని అడుగుతున్నాడు. రేడియో ఏదో చెప్పి పంపేసింది. ఏం చెప్పిందో నేను అడగలేదు.

ఇక ఉత్తరాలు రాయకు.

పిన్ని

జూన్ 25

పిన్నీ,

రాయవద్దన్నావు. ఓదార్చడానికైతే రాసేదాన్ని కాదు.

ఆ పటం తీసేశాను. నీ ఏప్రిల్ ఉత్తరాన్ని సొరుగులోంచి తీసి భోజనాల గదిలో మొదటి నుంచి చివరి దాకా చదివాను, ఇంత ఆలస్యంగా. చదువుతుంటే చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. తిండి మాని అందరూ వాదించుకున్నారు. వెనక్కి పంపి ఉంటే మానేసేదాన్నేమో అని గడియారం ఒప్పుకుంది. మళ్ళీ తనే, మానను, పెద్దావిడ చెప్పిందంటే తిట్టుకుంటూ నిలబడేదాన్ని అంది. కొందరు నీ మాట సబబే అన్నారు. అంతా అయ్యాక నిదానం మాట్లాడింది.

“పెద్దావిడ చెప్పింది తప్పు. ఆవిడ వెళ్ళాక వచ్చిన ఈ కొత్త రోలరుకి ముందువైపు కాలితో తొక్కే పెడలుంది, కుడికాలితో పొద్దస్తమానం తొక్కాలి. నా కుడి మోకాలు వంగదు. నేను నిదానమైంది దానివల్లే. నన్ను చూడకుండా, నా కాలు సంగతి అడక్కుండా, నా చోటు ఎలా చెప్పింది?”

నిన్ను ఆ మాట అనవచ్చని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. పొగడటమే గౌరవమనుకున్నాం. నాకూ అప్పుడే తట్టింది. ఆమె మోకాలి సంగతి ఇన్నేళ్ళుగా ఆమె మేనేజరుకే తెలియదు. పెడలు సంగతి తెలిసీ నీకు రాయలేదు. రాయడానికి నువ్వు నిజంగా తేలుస్తావని నేను అనుకుంటే కదా.

అంచేత నేనూ చెబుతున్నాను. నీ తీర్పు తప్పు పిన్నీ. నీకు ఇలా రాయడం నా వల్ల అవుతుందని అనుకోలేదు, ఎన్ని కాగితాలు చింపానో.

ఇప్పుడున్న చిక్కు ఇది. నిదానం కుడిచెయ్యికి పట్టు లేదు, కుడికాలు వంగదు. రోలరుకు ముందూ వెనకా రెండూ కుదరవు. ఆమెను మాన్పించమని యజమాని కాగితం పంపారు, నా సంతకం కోసం బల్ల మీద ఉంది. ఆమెను ఎక్కడ నిలబెట్టాలో, యజమానికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. మన వాళ్ళు నీకు రాయమన్నారు. నిదానమే ముందుగా అడిగింది, పెద్దావిడ ఏమంటుందో కనుక్కోమని. తప్పంటూనే అడిగింది. నాకూ నువ్వు కావాలి.

అమ్మడు

జూలై 1

అమ్మడూ,

కళ్ళజోడు విరిగి నీ ఉత్తరం రేడియో చేత చెవి దగ్గర అరిపించి చదివించుకున్నాను, ఈ జవాబూ ఆవిడ చేతే రాయిస్తున్నాను. ‘నీ తీర్పు తప్పు’ అన్న చోట ఆవిడ గొంతు తగ్గించింది. గట్టిగా చదవమని రెండోసారి చదివించాను.

తప్పే. బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్ళూ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా ఒక్క మాట చెప్పలేదు నేను. ఈసారి నిదానమన్న పేరు ఒకటి పట్టుకుని చెప్పేశాను. నన్ను మళ్ళీ పిలిచారన్న సంబరంలో తొందరపడ్డాను. గడియారాన్ని తొందర మనిషి అన్నది కూడా నేనే, చూడు. దీనికి సిగ్గుపడుతున్నాను. ఈ సిగ్గు మాత్రం నా సొంతం, కష్టపడి సంపాదించుకున్నది. నీ తప్పేం లేదులే అని ఎవరూ దీన్ని నా దగ్గర్నుంచి లాక్కోవద్దు. నీ సిగ్గు నీ దగ్గర ఉంచుకో, నేనూ లాక్కోను.

ఈసారి ఉత్తరంలో ఏమీ తేల్చను. గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను. రేడియో కూడా వస్తానంటోంది, కాదంటే ఊరుకోదు. నేను వచ్చేదాకా ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టకూడదు. ఇది సలహా కాదు. పెట్టావంటే అందరి ముందూ నీతో తగువు వేసుకుంటాను. యజమానితో నేను మాట్లాడతాను, ఆయనకు నచ్చకపోతే ఆ మాట నాకే చెప్పమను.

వచ్చాక ముందు నిదానం దగ్గర కూర్చోవాలి. ఆమె చేతికి క్షమాపణ నేను ఎప్పుడో రాసేశాను, అది నాది కాని తప్పుకు. నాదైన తప్పుకు ఇంకా ఏమీ చెప్పుకోలేదు. నీ మోకాలు ఎలా ఉందమ్మా అని ముందు అడుగుతాను, ఏప్రిల్లోనే అడగవలసిన మాట.

పిన్ని